అద్దం మీది మంచు
(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమ పత్రంలో నా పేరుకు ఎదురుగా "అమెరికా అనుభవాలు" అని వేశారు. నయాగరా జలపాతం గురించి, వాషింగ్టన్ గురించి గత సమావేశాల్లో మిత్రులు చక్కగా చెప్పి ఉన్నారు. నేను వాటి జోలికి పోను. నేను అక్కడ ఆరు నెలలు చేసిన ఉద్యోగం ఒకటి ఉన్నది. జీతం లేని ఉద్యోగం. మా అల్లుడి పికప్ ట్రక్కు ముందు అద్దం శుభ్రంగా ఉంచడం. ఇదేమి ప్రసంగ విషయం అని నవ్వుకుంటున్నారేమో. ఈ హాలులో ఉన్నవారిలో చాలామంది పిల్లలు చలి దేశాల్లోనే ఉన్నారు. రేపో మాపో మీరూ వెళ్తారు. వెళ్లినవారు నేను చేసిన రెండు తప్పులు చేయకూడదనే ఈ నాలుగు మాటలు.

2018 అక్టోబరులో నేను, మా ఆవిడ మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ నగరం పక్కన ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లాము. డెట్రాయిట్ అంటే మోటారు కార్ల ఊరు. మన తెలుగు ఇంజనీర్లు అక్కడ చాలామంది ఉన్నారు. మా అల్లుడు కూడా ఆ రంగంలోనే పని. ఆయనకు ఒక పికప్ ట్రక్కు ఉన్నది. ముందు భాగం పెద్ద కారులాగా, వెనుక భాగం పైకప్పు లేని తొట్టిలాగా ఉంటుంది. మన దగ్గర కూరగాయలు తోలే చిన్న బండిని ఊహించుకోకండి. అది సుమారు 19 అడుగుల పొడవు. ఎక్కాలంటే కమ్మీ పట్టుకొని ఎక్కాలి. అంత పొడుగు బండి వాళ్ల గరాజులో పట్టదు. అందుచేత ఎండకూ వానకూ మంచుకూ అది ఇంటి ముందర మేపుల్ చెట్టు కిందనే ఉంటుంది. నా కథ అంతా ఆ చెట్టు కిందనే జరిగింది.

మొదట వచ్చింది ఆకుల బాధ. అక్టోబరులో ఆ చెట్టు ఆకులు ఎర్రగా, పసుపుగా మారి రాలతాయి. చూడటానికి బహు అందం. కాని ముందు అద్దం అడుగున, వైపర్లు కూర్చునే చోట ఒక గాడి ఉంటుంది. ఆకులన్నీ జారి ఆ గాడిలో చేరతాయి. లోపలికి వెళ్లే గాలి ఆ గాడి మీదుగానే పోతుంది. వాన నీరు కిందికి దిగే కన్నాలు కూడా అక్కడే ఉంటాయి. ఆకులు కుళ్లి ఆ కన్నాలు మూసుకుపోతే నీరు నిలిచి బండి లోపలికి దిగుతుంది. గాలి దారి మూసుకుపోతే చలికాలంలో అద్దం మీదికి వేడిగాలి సరిగా రాదు. అంటే అక్టోబరులో ఆకులు తీయనివాడికి జనవరిలో అద్దం కనపడదన్న మాట. తడి ఆకు వైపరు కింద పడితే అద్దమంతా పులుముతుంది తప్ప పోదు. కాబట్టి ఆకులను చేత్తో ఏరాలి, వైపరు వేయకూడదు. ఈ పని నాకు బాగా కుదిరింది. పొద్దున్నే మన వాకిలి ఊడ్చినట్లే.

నవంబరులో మంచు మొదలైంది. ఇక్కడ భాష గురించి ఒక మాట చెప్పాలి. మనం అన్నిటికీ మంచు అనే ఒకే పద్దు పెట్టుకున్నాము. తెల్లవారుజామున గడ్డి మీద పడేదీ మంచే, రోడ్డు కనపడకుండా చేసే పొగా మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే. అక్కడ ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఫైలు. దూదిలాగా ఆకాశం నుండి రాలేది స్నో. గట్టిగా గడ్డకట్టింది ఐస్. రాత్రికి రాత్రి అద్దం మీద ఉప్పు అద్దినట్లు సన్నగా పట్టేది ఫ్రాస్ట్. ఒక్కొక్కసారి వాన చినుకు పడుతూనే అద్దం మీద గడ్డకట్టి గాజు మీద మరో గాజు పోసినట్లు అవుతుంది. అన్నిటిలోకీ అది మొండిది. వేటికి చేసే చికిత్స వాటిదే.

ఫ్రాస్ట్ ఎందుకు పడుతుందో మనకు తెలియనిది కాదు. ధనుర్మాసంలో ఆరుబయట గడ్డి తడిగా ఉంటుంది, చెట్టు కింద గడ్డి పొడిగా ఉంటుంది. మబ్బు లేని రాత్రి ఆరుబయట ఉన్న వస్తువు తన వేడిని ఆకాశానికి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. గాలిలోని తేమ దాని మీద చేరుతుంది. మన దగ్గర అది నీటి బొట్టు. లంబసింగి వైపు బాగా చలి చేసిన రాత్రి అదే తెల్లగా గడ్డకడుతుంది. మిషిగన్‌లో చలికాలమంతా ఇదే వరస. చెట్టు కింద పెడితే ఫ్రాస్ట్ కొంత తగ్గుతుంది, ఆకులు పెరుగుతాయి. ప్రతి సదుపాయానికీ ఒక ఇబ్బంది ఉంటుందని మనకు సర్వీసులోనే తెలుసు గదా.

ఇప్పుడు నా మొదటి తప్పు. డిసెంబరులో ఒకరోజు తెల్లవారుజామున అయిదు గంటలకు మెలకువ వచ్చింది. కిటికీలోంచి చూస్తే బండి అద్దం తెల్లగా ఉన్నది. అల్లుడు ఆరున్నరకు బయలుదేరాలి. రోజూ ఆయన చలిలో నిలబడి గీకుతున్నాడు, నేను లోపల కాఫీ తాగుతున్నాను. నాకు మనసొప్పలేదు. ఎవరినీ లేపకుండా వంటింట్లోని అట్లకాడ పట్టుకొని వెళ్లాను. రెండు గీతలు గీకేసరికి కర్రుమన్నది. ఇనుము గాజు మీద గీతలు పెడుతుందని అప్పుడు తోచి మానేశాను. లోపలికి వచ్చి గిన్నెడు నీళ్లు మరగబెట్టి తీసుకువెళ్లి అద్దం మీద పోశాను. మంచు కరిగింది. నేను సంతోషించేలోగా టప్పున శబ్దం వచ్చింది. ఎడమ మూల నుండి మధ్య వరకు ఒక పగులు పాకింది. పోసిన నీళ్లు కూడా క్షణాల్లో గడ్డకట్టి మునుపటి కంటే మందంగా తయారైనాయి.

మిత్రులారా, మనమందరం లాంతరు వెలుగులో చదువుకున్నవాళ్లం. వెలుగుతున్న లాంతరు చిమ్నీ మీద చల్లటి నీటి బొట్టు పడితే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. చిమ్నీలు పగలగొట్టి మా నాన్నగారి చేత నేను తిన్న దెబ్బలు ఇన్నీ అన్నీ కావు. వేడి గాజు మీద చన్నీళ్లు పడినా, చల్లటి గాజు మీద వేణ్ణీళ్లు పడినా ఒకటే. గాజులో ఒక భాగం సాగుతుంది, పక్క భాగం సాగదు. ఆ లాగుడుకు పగులుతుంది. ఏ చిన్న రాయి దెబ్బో అద్దం మీద ముందే ఉంటే పగులు అక్కడి నుండే బయలుదేరుతుంది. పదేళ్ల వయసులో తెలిసిన సంగతి డెబ్బై ఏళ్ల వయసులో గుర్తు రాలేదు.

ఈ ముందు అద్దం ఒకే పలక కాదు. రెండు గాజు పలకల మధ్య ఒక ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు. అందుకే పగిలినా ముక్కలై మీద పడదు. అది మనుషుల ప్రాణానికి మేలు, కాని పగులు పగులే. మార్చవలసిందే. ఇప్పటి బండ్లలో అద్దం వెనుక కెమెరా కూడా ఉంటున్నది. అద్దం మారిస్తే దాన్నీ తిరిగి సరిచేయాలి. ఖర్చు ఎంతయిందో అల్లుడు నాకు చెప్పలేదు. "ఫరవాలేదు మామయ్య గారూ, మంచి ఉద్దేశంతోనే గదా చేశారు" అన్నాడు. ఆ మాట నాకు మెమో కంటే ఎక్కువగా తగిలింది. నాలుగు రోజులు ఆయన మరొకరి కారులో ఆఫీసుకు పోయాడు.

ఆ నాలుగు రోజుల్లో నాకు గురువు దొరికాడు. పక్కింటి పెద్దాయన. కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరు అయిన మనిషి. నా ఇంగ్లీషు ఆయనకు సగం, ఆయనది నాకు సగం అర్థమయ్యేవి. ముందుగా పెన్షన్ల సంగతి మాట్లాడుకున్నాము. వాళ్ల సోషల్ సెక్యూరిటీలో కూడా ధరల సూచిని బట్టి పెంపు ఉంటుంది, 1975 నుండి అది దానంతటదే వస్తుంది, ధర్నాలు చేయనక్కరలేదు. చప్పట్లు తరువాత కొట్టండి, ముందు అద్దం సంగతి పూర్తి చేయనివ్వండి.

ఆయన చెప్పింది, నేను తరువాత కాగితం మీద రాసి వాళ్ల ఫ్రిజ్ తలుపుకు అంటించింది ఇది. రెండు భాగాలు.

ఒకటి, సాయంత్రం డ్యూటీ. అసలు పని సాయంత్రమే ఉన్నది. బండి ఆపేముందు వైపర్లు ఆపాలి. అవి సగంలో ఉండగా ఇంజను ఆపితే రాత్రికి అద్దానికి అతుక్కుంటాయి. పొద్దున స్విచ్ వేయగానే కదలలేక రబ్బరు చిరుగుతుంది, ఫ్యూజు పోతుంది, ఒక్కోసారి మోటారే పోతుంది. వీలైతే బండి ముఖం తూర్పుకు ఉండేలా నిలపాలి. తీరిక ఉన్న రోజున ఎండే సగం పని చేస్తుంది. తరువాత అద్దం మీద పొడిగా ఉన్న దళసరి గుడ్డగాని, అందుకోసం అమ్మే కవరుగాని పరిచి, రెండు అంచులూ రెండు తలుపుల్లో పెట్టి మూయాలి. గాలికి ఎగరదు. తడి గుడ్డ మాత్రం పరచకూడదు, అది అద్దానికి అంటుకొని ఇంకో పని పెడుతుంది. తెల్లవారి గుడ్డ లాగితే మంచు దానితోపాటే వస్తుంది. అద్దం కడిగే ద్రవం తొట్టిలో మామూలు నీళ్లు పోయరాదు, గడ్డకడతాయి. చలికాలానికి నీలం రంగు ద్రవం అమ్ముతారు. సీసా మీద ఎన్ని డిగ్రీల వరకు పనిచేస్తుందో రాసి ఉంటుంది. అందులో మిథనాల్ ఉంటుంది. అది విషం. పిల్లలకు అందనివ్వకూడదు.

రెండు, ఉదయం డ్యూటీ. మొదట వెనుక పొగ గొట్టం చుట్టూ మంచు పేరుకొని లేదని చూసుకోవాలి. గొట్టం మూసుకుపోతే విషవాయువు బండిలోకి వస్తుంది. దానికి వాసన ఉండదు. గరాజు తలుపు మూసి లోపల ఇంజను నడపడం కూడా ఇదే కారణంగా ప్రాణాపాయం. తలుపు తెరిచి ఉన్నా నడపవద్దు. తరువాత ఇంజను వేసి అద్దం మీదికి గాలి వదలాలి. మొదట తక్కువ వేడి, క్రమంగా ఎక్కువ. బయటి గాలినే తీసుకునేలా మీట పెట్టాలి. ఏసీ కూడా వేయాలి. చలిలో ఏసీ ఏమిటని నేనూ నవ్వాను. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, అందుచేత లోపలి వైపు ఆవిరి పట్టదు. వానాకాలంలో మన బస్సు డ్రైవర్లు చేతిగుడ్డతో అద్దం లోపల తుడుస్తూ తోలే అవస్థ దీనితో తప్పుతుంది.

అద్దం లోపల వేడెక్కుతూ ఉండగా మనం బయట పని చేయాలి. ముందు పైకప్పు, తరువాత అద్దాలు, ఆ తరువాత బానెట్, లైట్లు, చివర వెనుక తొట్టి. పైనుంచి కిందికి రావాలి. పొడుగు కర్ర ఉన్న బ్రష్షుతో మెత్తటి మంచు తోయాలి. గట్టి మంచును ప్లాస్టిక్ స్క్రేపరుతో అంచు నుండి లోపలికి గీకాలి. మరీ మొండిగా ఉంటే రెండు వంతుల రబ్బింగ్ ఆల్కహాలు, ఒక వంతు నీళ్లు కలిపి చల్లి రెండు నిమిషాలు ఆగాలి. రోడ్ల మీద వాళ్లు ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతున పెద్ద ఉప్పు గని ఉన్నది. నౌపడ కొటార్లు చూసిన నాకు ఊరి కింద ఉప్పు గని అంటే వింతగా తోచింది. ఆ ఉప్పు రోడ్డుకు మంచిదే, బండికి కాదు. బాగా చలి ముదిరితే రోడ్డు మీద కూడా దాని ప్రభావం తగ్గిపోతుంది.

అసలు వైపరు పుట్టిందే ఈ మంచు బాధలోంచి. అమెరికాలో అలబామా రాష్ట్రానికి చెందిన మేరీ ఆండర్సన్ అనే ఆమె న్యూయార్కు వెళ్లినప్పుడు మంచులో ట్రామ్ డ్రైవరు ముందు అద్దం తెరిచి చలిలో వణుకుతూ తోలడం చూసింది. లోపల కూర్చొని మీట తిప్పితే బయట అద్దం తుడిచే పరికరం ఆలోచించి 1903 నవంబరులో పేటెంట్ పొందింది. ఎవరూ కొనలేదు. 1920లో పేటెంట్ గడువు తీరిపోయింది. వైపరు లేని కారు ఇప్పుడు దాదాపు కనపడదు. ఎరియర్స్ రాకుండానే గడువు తీరిన కేసులు మనకు మాత్రమే కాదు.

కొత్త అద్దం వచ్చిన తరువాత ఉదయం డ్యూటీ నాకు ఇమ్మని నేనే అడిగి తీసుకున్నాను. పోయిన పరువు నిలబెట్టుకోవాలని పట్టుదల. అయిదు వారాలు ఒక్క లోపం లేకుండా చేశాను. 2019 జనవరి చివరి వారంలో అక్కడ మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి దిగింది. ఆ రెండు రోజులు మాత్రం మా అమ్మాయి నన్ను గడప దాటనివ్వలేదు.

నా రెండవ తప్పు ఫిబ్రవరిలో. రాత్రంతా స్నో పడింది. పైకప్పు మీద జానెడు మందాన ఉన్నది. పికప్ ఎత్తు బండి. పైకప్పు నడిమి భాగం అందాలంటే తలుపు తెరిచి, మెట్టు మీద నిలబడి, చేయి చాచి తోయాలి. అప్పటికి వారం నుండి కుడి భుజం నొప్పి. ఎవరికీ చెప్పలేదు. చెబితే డ్యూటీ తీసేస్తారని భయం. అద్దం మాత్రం అద్దంలాగానే చేశాను. పైకప్పు అంచులు కాస్త దులిపి వదిలేశాను. అల్లుడు బయటికి వచ్చి "అయిందా మామయ్య గారూ?" అన్నాడు. "అయింది బాబూ" అన్నాను.

ఆ రోజు దారిలో నన్ను లైబ్రరీ దగ్గర దించుతానన్నాడు, పక్కన కూర్చున్నాను. ఏడు దాటింది గాని అక్కడ చలికాలంలో అప్పటికి ఇంకా చీకటే. మా వీధి చివర మలుపులో స్కూలు బస్సు కోసం పిల్లలు నిలబడతారు. మా మనవరాలు కూడా అక్కడే ఎక్కుతుంది. మలుపు దగ్గర ఆయన బ్రేకు వేశాడు. లోపలి వేడికి పైకప్పు మీది మంచు అడుగున కరిగి ఉన్నది. అంత మంచూ ఒక్కసారిగా జారి ముందు అద్దం మీద పడింది. తెల్లటి గోడ. ఏమీ కనపడదు. వైపర్లు ఆ బరువుకు కదలలేదు. ఆయన ఉన్నచోటనే బండి ఆపేశాడు. ఇద్దరం దిగాము. నేను చేతులతో మంచు తోస్తూ తలెత్తి చూస్తే, పది అడుగుల దూరంలో ఆరుగురు పిల్లలు. ఎర్ర టోపీ పెట్టుకొని మా మనవరాలు "తాతయ్యా!" అని చేయి ఊపుతున్నది. దానికేమీ తెలియదు, తాతయ్య దిగాడని సంబరం.

ఎవరికీ ఏమీ కాలేదు. దేవుడి దయ. కాని నా కాళ్లు చాలాసేపు వణికాయి. అది చలికి కాదు. ముప్పై మూడేళ్ల సర్వీసులో చూడని పనిని చూసినట్లు నేను ఎన్నడూ సంతకం చేయలేదు. ఆ రోజు పూర్తి కాని పనిని పూర్తయిందని చెప్పాను. ఆ రాత్రి అల్లుడిని కూర్చోబెట్టి నిజం చెప్పాను. పైకప్పు నాకు అందలేదు, భుజం నొప్పిగా ఉన్నది, చెప్పడానికి మొహమాటపడ్డాను అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత "నేను కూడా చూసుకోవలసింది మామయ్య గారూ. మీరు అయిందన్నారని ఎక్కేశాను" అన్నాడు. మరునాటి నుండి పైకప్పు, వెనుక తొట్టి ఆయనవి. అద్దం, లైట్లు, సాయంత్రం గుడ్డ నావి. బయలుదేరే ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి చూడటం ఇద్దరిదీ.

ఇది మా ఇంటి చాదస్తం కాదు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో జెస్సికా చట్టం అని ఒకటి ఉన్నది. 1996లో ఒక పెద్ద ట్రక్కు మీది నుండి ఎగిరిపడిన మంచు పలక వల్ల జరిగిన ప్రమాదంలో చనిపోయిన ఇరవై ఏళ్ల అమ్మాయి పేరు అది. మనం తుడవని మంచు మన బండి మీదనే ఉండిపోదు. వెనుక వచ్చేవాడి మీద పడుతుంది.

వెళ్లబోయే వారికి చివరిగా మూడు మాటలు. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు మంచు పార పట్టవద్దు. చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, బరువు ఎత్తితే గుండె మీద ఒత్తిడి పెరుగుతుంది. మన పెన్షనర్ల హెల్త్ కార్డు అక్కడ చెల్లదు, ప్రయాణ బీమా తప్పక తీసుకోండి. రెండవది, సాయం చేసే ముందు అడగండి. అడగకుండా చేసిన సాయానికి ఖర్చు పిల్లలు భరిస్తారు. మూడవది, చేతకానిది చేతకాదని చెప్పండి. పిల్లలు మనల్ని పనికోసం పిలిపించుకోలేదు. ఆ సంగతి నమ్మడానికి నాకు ఒక చలికాలం పట్టింది.

ఇప్పటికీ చలికాలం వస్తే మా మనవరాలు ఫోనులో రిపోర్టు ఇస్తుంది. గుడ్డ కప్పాము తాతయ్యా, వైపర్లు ఆపాము తాతయ్యా అని. పైకప్పు సంగతి నేను అడుగుతాను. "నాన్న తుడిచాడు, నేను చూశాను" అంటుంది. చూసి చెబుతున్నది కాబట్టి నేను ఆమోదిస్తున్నాను.